రుడాల్ఫ్ డీజిలు

లారీలో పోయు నూనెను డీజిలని దినమున కెన్నిమారులో పలుకుచుందుము. అది యొక మనుష్యుని పేరని తలచువారు తక్కువ. కాల్చిన యింధనములో నెంత పనియగుచున్నది, ఎంత వృథాయగుచున్నది యను ప్రశ్నతోనే యాతడు జీవితమును గడపెను.

రుడాల్ఫ్ డీజిలు 1858 మార్చి 18వ తేదీన ప్యారిసులో జర్మను దంపతులకు జన్మించెను. 1870లో ఫ్రాన్సు ప్రష్యాలకు యుద్ధము పుట్టగా నా కుటుంబము లండనునకు వలసపోయెను. పండ్రెండేండ్ల బాలుడు చదువునకై ఆగ్సుబర్గులోని బంధువుల యింటికి పంపబడెను. పిమ్మట మ్యూనికులో లిండే యను ఆచార్యుని యొద్ద చదువుచు, ఆవిరియంత్రము బొగ్గు వేడిమిలో పదవవంతునకు మించి పనిగా మార్చజాలదని వినెను. ఆ మాట యాతని మనస్సున ముల్లువలె నాటుకొనెను.

సైకిలు పంపు కొట్టునపుడు గొట్టము వేడెక్కుట మన మెరిగినదే. గాలిని మిక్కిలిగా నదిమి, ఆ వేడిలో చమురు చిమ్మినచో నిప్పురవ్వ లేకయే మండునని డీజిలు తలచెను. 1893 ఆగస్టులో ఆగ్సుబర్గు కర్మాగారమున తొలి పరీక్షలో ప్రేలుడు సంభవించి, కొలతపరికరము తునియలై యెగిరెను. అయినను చమురు మండుట రుజువయ్యెను గదా! మరునాటి యేట యంత్రము తనంతట తాను ఒక్క నిమిషము తిరిగెను. 1897 ఫిబ్రవరిలో ష్రోటరు అను ఆచార్యుడు చమురు తూచి, పని కొలిచి, నూటికి 26.2 పాళ్లు పనియగుచున్నదని తేల్చెను.

ఈ యంత్రము లారీల కెక్కినది ఆయన గతించిన పదేండ్లకు. నేడు వంటయిల్లు, పడకగది గల డీజిలు బండ్లలో దేశాటనము చేయువారు ఏ వేగమున చమురు ఆదాయగునని వెదకుచున్నారు. వేగము రెట్టింపైనచో గాలి యెదురు నాలుగింతలగును. ఇంటివంటి యెత్తైన బండికి అదియే పెద్ద ఖర్చు. పై గేరులో యంత్రము మూలుగక నడువగల తక్కువ వేగమే సామాన్యముగా లాభకరము. ట్యాంకు నిండుగా పోసి, ఒకే దారిని పోవుచు వచ్చుచు ఒక్కొక్క వేగమున నడిపి, మరల నింపునపుడు పట్టిన లీటర్లు చూచినచో సంగతి తేలును. ష్రోటరు త్రాసునకు ఇది చిన్నతమ్ముడని మే మెంచుచున్నాము.

కథకు వత్తము. 1900 ప్యారిసు ప్రదర్శనమున నొక డీజిలు యంత్రము వేరుసెనగ నూనెతో నడిచెను. రాయలసీమ రైతులు విని సంతోషింపదగిన సంగతి. డీజిలునకు ధనము విశేషముగా వచ్చెను. కాని గ్రాములతో చమురు లెక్కించిన యా చేతులు భూముల బేరములలో సొమ్మును నిలుపలేకపోయెను. వ్యాధియు, అప్పులును, పేటెంటు వ్యాజ్యములును క్రుంగదీసెను.

1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి ఆంట్వెర్పు నుండి ఇంగ్లండునకు డ్రెస్డెన్ అను ఓడ నెక్కి, భోజనము చేసి, వేకువనే లేపుడని చెప్పి గదికి పోయెను. తెల్లవారునప్పటికి పడక నలగలేదు. టోపియు పైకోటును ఓడ పైయంతస్తున నుండెను. కొన్ని దినములకు డచ్చి నావికులు సముద్రమున నొక శవమును గని, జేబులలోని వస్తువులను మాత్రము తీసికొని, శవమును నీటికే విడిచిరి. ఆ వస్తువులు తన తండ్రివేయని కుమారుడు గుర్తించెను. ఆ మరణమునకు కారణము నేటికిని తేలలేదు.