మొదటి సాలార్‌జంగ్ గారి జీవితము – వారి పూర్వీకులు

ప్రతి సంవత్సరం మన సంఘం సావనీరులో ఎవరైనా ఒక మరహూం పెద్దమనిషి జీవితాన్ని గురించి నాలుగు మాటలు వ్రాయటం ఆనవాయితీగా వస్తున్నది. ఈసారి ఆ బాధ్యత మా మీద పెట్టారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళము. తెలుగులో వ్రాయటం మాకు అంతగా అలవాటు లేదు. తప్పులుంటే పాఠకులు మన్నించగలరు.

మనలో ఖాందాన్ అనే మాటకు చాలా విలువ ఉన్నది. సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లవాడు ఏం చదివాడు, ఏం చేస్తున్నాడు అనేదానికంటే ముందు తాత ముత్తాతలెవరు అని అడుగుతాము. షజరా ఉన్నవాళ్ళు పెట్టెలో నుంచి తీసి చూపిస్తారు. లేనివాళ్ళు తల వంచుకుంటారు. మా ఇంట్లో కూడా ఒక షజరా ఉన్నది. మా తాతగారి చేతి వ్రాత. అందులో ఒక పేరు మీద నల్లసిరా పూసి ఉంటుంది. చిన్నప్పుడు అడిగితే ఎవరూ చెప్పలేదు. ఒక్క మాట మాత్రం చెప్పేవారు: మన ఖాందాన్‌ను దివాన్ సాలార్‌జంగ్ పాడు చేశాడని. ఆ మాట పట్టుకునే మేము పెద్దయ్యాక ఆయన చరిత్ర చదవటం మొదలుపెట్టాము.

సాలార్‌జంగ్ గారి అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 జనవరి 21న జన్మించారు. వారి వంశం మదీనా వాసులైన షేక్ ఒవైస్ గారికి చేరుతుందని చెప్పుకుంటారు. ఆ వంశం వారు మొదట బీజాపూర్ ఆదిల్‌షాహీ సుల్తానుల దగ్గర, తరువాత ఢిల్లీ పాదుషాల దగ్గర, చివరకు నిజాముల దగ్గర పెద్ద పెద్ద పదవులు చేశారు. ఇంతకంటే గొప్ప షజరా దక్కనులో ఎవరికుంటుంది! అయితే ఆ షజరాలో పువ్వులూ ఉన్నాయి, ముళ్ళూ ఉన్నాయి.

వారి ముత్తాత మీర్ ఆలం. అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. తండ్రి ఇరాన్ దేశపు షుస్తర్ నుండి హైదరాబాదుకు వచ్చిన విద్వాంసుడు. మీర్ ఆలం మహా తెలివైనవాడు. నిజాం తరఫున వకీలుగా కలకత్తా పోయి ఇంగ్లీషు వారితో వ్యవహారం నడిపాడు. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి ఇంగ్లీషు వారు దండెత్తినప్పుడు నిజాం ఫౌజు వెంట శ్రీరంగపట్నం పోయినవాడు ఈ మీర్ ఆలమే. ఆ సంవత్సరం మే 4న టిప్పు షహీద్ అయ్యారు. హైదరాబాదులో మీర్ ఆలంకు ఘనంగా స్వాగతం జరిగింది. కాని ఆ యుద్ధంలో నిజాంకు వచ్చిన భూములు మరుసటి సంవత్సరమే, 1800లో, ఒడంబడిక పేరుతో ఇంగ్లీషు వారికే పోయినాయి. ఈనాటి మన రాయలసీమను దత్త మండలాలు అన్నది అందువల్లనే. మీర్ ఆలం కూడా కొద్దికాలానికే పదవి పోగొట్టుకొని నగరానికి దూరంగా ఉండవలసి వచ్చింది. పైగా కుష్ఠు రోగం పట్టుకుంది. మళ్ళీ 1804లో దివాన్ అయ్యి, చనిపోయేవరకు ఆ పదవిలో ఉన్నాడు.

ఇదే మనిషి పేరు మీద మీరాలం చెరువు ఉన్నది. ఇరవై ఒక్క కమానులను వరుసగా నిలిపి కట్టిన కట్ట అది. శ్రీరంగపట్నంలో వచ్చిన సొమ్ముతోనే కట్టించాడని పెద్దలు చెప్తారు. ఉస్మాన్‌సాగర్ రాకముందు ఎన్నో ఏండ్లు హైదరాబాదు జనం ఆ నీళ్ళు తాగారు. టిప్పును ప్రేమించే వాళ్ళు మీర్ ఆలం పేరు చెప్తే మొహం చిట్లిస్తారు. దాహం తీరినవాళ్ళు దువా ఇచ్చి ఉంటారు. రెండూ నిజమే.

మీర్ ఆలం కూతురిని చేసుకున్నది మునీరుల్‌ముల్క్. సాలార్‌జంగ్ గారికి తాత. 1809 నుండి 1832 దాకా దివాన్ అని పేరు ఉన్నది గాని పెత్తనమంతా పేష్కారు రాజా చందూలాల్ చేతిలో ఉండేది. ఆ కాలంలోనే పామర్ కంపెనీ దగ్గర అప్పులు చేసి రాజ్యం మునిగింది. తాతగారు చనిపోయేటప్పటికి ఇంటి మీద కూడా అప్పులే మిగిలాయి. తండ్రి కూడా తొందరగా పోవటంతో తురాబ్ అలీని పినతండ్రి సిరాజుల్‌ముల్క్ చేరదీశారు. అంత పెద్ద ఖాందాన్ పిల్లవాడు అప్పులవాళ్ళను చూస్తూ పెరిగాడన్నమాట. అరబ్బీ, ఫార్సీ చదువులతో పాటు ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాడు. ఇరవై ఏండ్లు నిండకముందే ఖమ్మం తాలుక్‌దారుగా పనిచేసి జమాబందీ వ్యవహారం స్వయంగా చూశాడు.

1853 మే నెలలో నిజాం రాజ్యానికి పెద్ద దెబ్బ తగిలింది. కంటింజెంటు ఫౌజు జీతాల బాకీ కింద బేరార్, రాయచూరు దోఆబ్, ధారాసీవ్ ప్రాంతాలను ఇంగ్లీషు వారు తీసుకున్నారు. ఆ ఒడంబడిక జరిగిన కొద్ది రోజులకే సిరాజుల్‌ముల్క్ కన్నుమూశారు. 24 ఏండ్ల తురాబ్ అలీ దివాన్ అయ్యారు. ఖజానా ఖాళీ. అరబ్బు జమాదార్లు, రొహిల్లాలు అప్పు కింద జిల్లాలకు జిల్లాలనే తాకట్టు పెట్టించుకుని కూర్చున్నారు. పన్ను వసూలు గుత్తకు ఇచ్చేవారు. గుత్త పాడినవాడు సర్కారుకు ఇంత అని కట్టి, రైతు దగ్గర ఎంత పిండుకుంటే అంత అతనిది. అడిగే దిక్కు లేదు.

సాలార్‌జంగ్ గారు ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చారు. తాకట్టులో ఉన్న భూములు విడిపించారు. గుత్తలు తీసేసి జీతం మీద పనిచేసే తాలుక్‌దార్లను, తహసీల్దార్లను పెట్టారు. టంకశాలలను సర్కారు చేతికి తెచ్చి హాలీ సిక్కా నాణెం నడిపించారు. 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడదీశారు. 1868లో న్యాయం, మాల్, పోలీసు మొదలైన శాఖలకు సదరుల్ మహాంలను నియమించారు. తెలంగాణలో జిల్లా కచేరీ, తహసీలు అనే ఏర్పాటుకు పునాది అక్కడ పడింది.

ఇక్కడే మా షజరాలో సిరా పూసిన పేరు సంగతి చెప్పాలి. మా తాతగారు చివరి రోజుల్లో, మేము బాగా పట్టుబట్టి అడిగితే చెప్పారు. ఆ పేరు గలాయన ఒక గుత్తేదారు కింద నాయబుగా ఉండేవాడట. వానలు పడని సంవత్సరం కూడా పన్ను వదలకుండా రైతుల ఎడ్లను తోలుకొచ్చాడట. గుత్తలు పోయాక ఆయన పని పోయింది. ఇల్లు చితికిపోయింది. మన ఖాందాన్‌ను సాలార్‌జంగ్ పాడు చేశాడనే మాట అట్లా పుట్టింది. నిజానికి ఆయన మా ఇల్లు పాడు చేయలేదు. ఎడ్లు పోయిన రైతుల ఇండ్లను నిలబెట్టారు. ఈ మాట ఒప్పుకోవటానికి మాకు చాలా కాలం పట్టింది.

అట్లాగని సాలార్‌జంగ్ గారి జీవితంలో మచ్చ లేదని అనలేము. 1857లో ఉత్తరాదిన తిరుగుబాటు లేచింది. హైదరాబాదులో కూడా జనం మనస్సు అటువైపే ఉన్నది. బుల్దానా నుండి పారిపోయి వచ్చిన జమాదారు చీదాఖాన్‌ను దివాన్ గారు పట్టి ఇంగ్లీషు రెసిడెంటుకు అప్పగించారు. దానితో జనానికి కోపం వచ్చింది. జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ గార్ల వెంట రొహిల్లాలు రెసిడెన్సీ మీద పడ్డారు. తెల్లవారేసరికి ఆ పోరాటం అణగిపోయింది. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డా తప్పించుకున్నాడు. 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీ గారిని అండమాన్ పంపారు, తిరిగి రాలేదు. ఈరోజుకి కూడా తెలంగాణలో మొండి ధైర్యం చూపేవాడిని తుర్రెంఖాన్ అంటారు. ఆ మాట వెనుక ఉన్నది ఆ షహీదు పేరే.

ఇంగ్లీషు వారు హైదరాబాదు చెయ్యిజారితే దక్షిణాదే పోతుందని భయపడిన రోజులవి. దివాన్ గారు వారి పక్షాన నిలబడ్డారు. ఆయన లెక్క ఆయనకున్నది: ఢిల్లీకి పట్టిన గతి హైదరాబాదుకు పట్టకూడదు. 1860లో దానికి బహుమానంగా రాయచూరు దోఆబ్, ధారాసీవ్ తిరిగి వచ్చాయి. 50 లక్షల బాకీ మాఫీ అయ్యింది. బేరార్ మాత్రం రాలేదు. జనం ఆయనను అంత సులభంగా క్షమించలేదు. 1859 మార్చిలో దర్బారు ముగించుకొని రెసిడెంటుతో కలిసి వస్తుండగా జహంగీర్ ఖాన్ అనే అతను ఆయన మీద దాడి చేశాడు. 1868లో మళ్ళీ కాల్పులు జరిగాయి. రెండుసార్లూ బతికి బయటపడ్డారు.

చదువు విషయంలో ఆయన చేసిన మేలు ఉపాధ్యాయులమైన మేము మరువలేము. దివాన్ అయిన కొద్ది ఏండ్లకే దారుల్ ఉలూం మదర్సా పెట్టించారు. అమీర్ల పిల్లల కోసం మదర్సా ఎ ఆలియా నడిపించారు. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మొహసినుల్‌ముల్క్, విఖారుల్‌ముల్క్ వంటి విద్యావంతులను ఉత్తరాది నుండి పిలిపించారు. సర్ సయ్యద్ గారి అలీగఢ్ కాలేజీకి సహాయం చేశారు. అయితే ఒక సంగతి చెప్పకపోతే ఇన్సాఫ్ కాదు. ఉర్దూ వాళ్ళమైన మాకు అది కొంచెం కష్టంగానే ఉంటుంది. ఆయన కాలమంతా కచేరీలలో ఫార్సీయే నడిచింది. ఉర్దూకు ఆ స్థానం వచ్చింది 1884లో, ఆయన కొడుకు దివాన్‌గా ఉన్నప్పుడు.

1869లో అఫ్జలుద్దౌలా చనిపోతే మూడేండ్లు నిండని మహబూబ్ అలీ ఖాన్ గద్దె ఎక్కారు. రాజ్యభారం షమ్సుల్ ఉమ్రా గారితో కలిసి సాలార్‌జంగ్ గారే మోశారు. 1876లో ఇంగ్లాండు పోయారు. దారిలో పారిస్‌లో మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నా ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డ్ వారు గౌరవ పట్టా ఇచ్చారు, లండన్ నగరం సన్మానించింది. కాని మనస్సులోని కోరిక బేరార్ తిరిగి తేవటం. అది మాత్రం దొరకలేదు. అడిగినందుకు ఇంగ్లీషు వారికి కోపం కూడా వచ్చింది. షమ్సుల్ ఉమ్రా పోయాక, 1877లో, ఆయనకు పడని విఖారుల్ ఉమ్రాను తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. 1857లో ఎవరి కోసం సొంత జనంతో మాట పడ్డారో, వారి దగ్గర ఆయనకు దక్కిన మర్యాద ఇది. బేరార్‌ను 1902లో లార్డ్ కర్జన్ శాశ్వత కౌలు పేరుతో ఉంచేసుకున్నాడు.

1883 ఫిబ్రవరి 8న కలరా తగిలి సాలార్‌జంగ్ గారు కన్నుమూశారు. వయస్సు 54 ఏండ్లు. ముప్ఫై ఏండ్లు దివాన్‌గిరీ చేశారు. కొడుకు మీర్ లాయఖ్ అలీ ఖాన్ రెండో సాలార్‌జంగ్. మనుమడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ మూడో సాలార్‌జంగ్, 1949లో చనిపోయారు. 1951లో తెరిచిన మ్యూజియం ఆ మనుమడి పేరుతోనే నిలిచింది. ముసుగు రెబెక్కా విగ్రహం మాత్రం 1876 ప్రయాణంలో తాతగారు కొన్నది. అక్కడే టిప్పు సుల్తాన్‌వని చెప్పే దంతపు కుర్చీలు కూడా ఉన్నాయి. మీర్ ఆలం మునిమనుమడి ఇంటి సొత్తులో టిప్పు కుర్చీలు! పిల్లలకు చూపించినప్పుడల్లా మేము ఒక్క క్షణం ఆగిపోతాము.

ఒకసారి మా బడి పిల్లలను దాయిరా మీర్ మోమిన్‌కు తీసుకుపోయాము. మీర్ ఆలం, సాలార్‌జంగ్ గార్లు ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఒక పిల్లవాడు వీళ్ళిద్దరిలో మంచివాడెవరని అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. చెరువు కట్టినవాడూ, టిప్పు మీదికి పోయినవాడూ ఒక్కడే. రైతును కాపాడినవాడూ, చీదాఖాన్‌ను అప్పగించినవాడూ ఒక్కడే. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది చరిత్ర కాదని మాత్రం చెప్పాము.

కిందటేడు మా అన్నగారి అమ్మాయికి సంబంధం వచ్చింది. అవతలివాళ్ళు షజరా అడిగారు. కొత్త కాగితం మీద ఎత్తి వ్రాసే పని మాదే. సిరా పూసిన పేరు దగ్గరికి వచ్చి కలం ఆగింది. వదిలేయమని ఇంట్లో అందరూ అన్నారు. మేము మాత్రం ఆ పేరు తిరిగి వ్రాశాము. అవతలి పెద్దాయన చూసి పాత కాగితంలో అక్కడ సిరా ఎందుకున్నదని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాము. ఆయన నవ్వి, తమ షజరాలో కూడా అటువంటాయన ఒకరున్నారని, తమ వాళ్ళు సిరా పూసే శ్రమ కూడా లేకుండా అసలు వ్రాయనే లేదని చెప్పారు. పెండ్లి జరిగింది.

పూర్వీకుల మంచి మన సంపాదన కాదు, వారి చెడు మన నేరమూ కాదు. తెలుసుకోవలసిన బాధ్యత మాత్రం మనది. షజరా లేని ఇంటి పిల్లను, పిల్లవాడిని తక్కువ చూడకుండా ఉంటే, ఈ నాలుగు మాటలు వ్రాసిన మా శ్రమ ఫలించినట్టే.