మేడమ్ క్యూరీ
మూడు సామ్రాజ్యములు పంచుకొనిన పోలండులో, రష్యా యేలుబడిలోని వార్సా నగరమున, 1867లో మేరీ క్యూరీ జన్మించెను. అచట స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేనందున 1891లో పారిసు చేరెను. 1898లో భర్తతో కలసి రేడియమును కనుగొనెను; దానిని వేరుపరచుటకు వలసిన ఖనిజపు పిప్పి ఆస్ట్రియా గనులనుండి వచ్చెను. రాచపుండునకు రేడియము చికిత్సగా పనికివచ్చెను. కాని కొలత దేశమున కొక తీరుగా నున్నచో వైద్యుడు మోతాదు నిర్ణయించు టెట్లు? 1911లో ఆమె సిద్ధపరచిన ప్రమాణము 1912లో వియన్నా ప్రమాణముతో సరిపోలెను. రెండేండ్లకు ఆ దేశములు యుద్ధమునకు దిగినవి. ప్రమాణము మాత్రము చెక్కుచెదరలేదు. 1929లో అమెరికనులు చందా లెత్తి యిచ్చిన ధనముతో కొన్న రేడియమును ఆమె వార్సా కిచ్చెను. పరపాలన యెరిగిన మనకు ఆ దానము అర్థము కాకపోదు. 1932లో అచట రేడియము సంస్థ వెలసెను. 1934లో ఆమె కన్నుమూసెను.