గొబ్బూరి జగ్గరాయలు

చంద్రగిరి కోటలోని రాజమహలును దర్శించు విద్యార్థులకు మొట్టమొదట స్ఫురించునది శ్రీకృష్ణదేవరాయల నామము. వేంకటపతిదేవరాయలను స్మరించువారు తక్కువ. గొబ్బూరి జగ్గరాయలను ఎరిగినవారు మరింత తక్కువ. అయినను 1565లో రాక్షసి తంగడి యుద్ధమున సామ్రాజ్యమునకు తగిలిన గాయమును చాలవరకు మాన్పినవాడు వేంకటపతి. దానిని మరల రేపినవాడు జగ్గరాయలు.

వేంకటపతి రాజధానిని పెనుగొండనుండి చంద్రగిరికిని, పిమ్మట వేలూరునకును మార్చెను. తిరుమలేశునిపై ఆయనకు గల భక్తికి సాక్షిగా ఆయన రాగి ప్రతిమ నేటికిని తిరుమల ఆలయమున నిలిచియున్నది. రాణులు పలువురున్నను ఆయనకు పుత్రసంతానము లేకుండెను. జగ్గరాయల భాగ్యమునకును, పతనమునకును ఈ లోటే ద్వారమైనది.

గొబ్బూరివారు రాణి బాయమ్మకు పుట్టింటివారు. ఆ బాంధవ్యమువలన జగ్గరాయలు కొలువులో ప్రబలుడయ్యెను. రాణి ఒక బ్రాహ్మణ శిశువును తెచ్చి తన కుమారుడని ప్రకటించెను. రాజు నిజమెరిగియు ఆమెపై మమకారముచే మిన్నకుండెను. ఆనాటి ఆ మౌనమునకు దేశము మిక్కిలి వెల చెల్లింపవలసివచ్చినది.

1614 అక్టోబరులో మరణశయ్యపైనున్న వేంకటపతి ఆ బాలుని కాదని, తన అన్నకొడుకైన శ్రీరంగరాయలకు రాజముద్రిక నొసగెను. జగ్గరాయలు దీనిని సహింపలేదు. కొత్తరాజుపై కొందరు సామంతులకుగల అసంతృప్తిని ఆసరాగా గొని, శ్రీరంగుని సకుటుంబముగా చెరపట్టి, ఆ బాలుని గద్దెనెక్కించెను. సామంతులు పెక్కుమంది తలవంచిరి. వెలుగోటి యాచమనాయకుడు మాత్రము వంపలేదు.

యాచముని పక్షమువారు ఒక చాకలివాని సాయమున, మైలబట్టల మూటలో దాచి, శ్రీరంగుని రెండవ కుమారుడైన రామదేవుని కోటనుండి తప్పించిరి. సామ్రాజ్యపు వారసత్వము ఒక సామాన్యుని భుజముపై నిలిచిన ఘడియ యది. శ్రీరంగుని విడిపించు యత్నములు మాత్రము ఫలింపలేదు. తుదకు వేలూరి చెరలో ఆ రాజును, కుటుంబమును హతులైరి. 1616లో పోర్చుగీసు మతాచార్యుడు బరదాస్ వ్రాసిన లేఖవలన ఈ ఘోరము విదేశములకును తెలిసెను.

ఈ హత్యతో జగ్గరాయలు తన గోతిని తానే త్రవ్వుకొనెను. ప్రజలు, సామంతులు యాచముని వైపు మొగ్గిరి. ఓడి అడవులపాలైన జగ్గరాయలు మధుర, జింజి నాయకులను కూడగట్టుకొనెను. తంజావూరి రఘునాథనాయకుడు రామదేవుని పక్షము వహించెను. తిరుచిరాపల్లి చెంత తోపూరువద్ద ఘోరసంగ్రామము జరిగెను. జగ్గరాయలు యుద్ధభూమిలోనే నేలకొరిగెను. అతడు పిరికివాడు కాడు. అతనికి కొరవడినది ధర్మబుద్ధియే కాని ధైర్యము కాదు.

రామదేవుడు రాజయ్యెను. జగ్గరాయల సోదరుడు యతిరాజు మరికొంతకాలము పోరాడెను. కడకు అతని కుమార్తెను రామదేవుడు వివాహమాడుటతో ఆ వైరము చల్లారెను. జగ్గరాయలు కత్తితో నిలుపుకొనజూచిన రాజబంధుత్వము గొబ్బూరివారికి ఒక పెండ్లిపందిరిలో తిరిగి దక్కినది! కాని ఈలోగా నాయకరాజులు సొంతబలమును రుచిచూచిరి, కేంద్రాధికారము సడలెను. వేంకటపతి కూర్చిన బలము మరల చేకూరలేదు.

విద్యార్థులకు సామ్రాజ్య పతనమనగానే శత్రుసేనలు కనబడును. తోపూరున ఇరుపక్షముల పోరాడినవారు ఆ సామ్రాజ్యపు సామంతులేయని ఉపాధ్యాయులు వారికి చెప్పవలసియున్నది.