తామ్రఫలక శిల్పి జాక్ ఫిలిప్ లె బా

చిత్రకారుని పేరును లోకం గుర్తుంచుకుంటుంది. ఆ చిత్రాన్ని ఇంటింటికీ చేర్చినవాని పేరు మాత్రం మరుగున పడిపోతుంది. ఛాయాగ్రహణం పుట్టక పూర్వం ఐరోపాలో ఆ పని చేసినవారు తామ్రఫలక శిల్పులు. వారిలో ప్రసిద్ధుడైన జాక్ ఫిలిప్ లె బా జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయాలని సంకల్పించాము.

లె బా 1707లో పారిస్ నగరంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే ఎరిస్సె అనే శిల్పివద్ద పనికి కుదిరి, అనంతరం తార్ద్యూ వద్ద విద్య పూర్తి చేసుకున్నాడు. ఆ విద్య సులభమైనది కాదు. రాగిరేకుకు మైనపు పూత పూసి, సూదితో గీతలు గీసి, ఆమ్లంతో ఆ గీతలను తినిపించాలి. ఆపై ఉక్కు ములుకుతో వెలుగునీడలు తీర్చాలి. గీతలలో సిరా నింపి, తడి కాగితం పరచి యంత్రంలో ఒత్తితే బొమ్మ అచ్చుపడుతుంది. కాగితంపై బొమ్మ కుడియెడమలుగా తారుమారవుతుంది గనుక శిల్పి అంతా తిరగవేసి ఊహించుకోవాలి.

1743లో రాజకీయ చిత్రకళా పరిషత్తు లె బాను సభ్యునిగా స్వీకరించింది. ఫ్లాండర్సు చిత్రకారుడు తెనీర్సు చిత్రించిన పల్లెటూరి విందులను, పానశాలలను ఆయన రాగిపై చెక్కి, తానే ప్రచురించి విక్రయించాడు. సంపన్నుల గోడలకే పరిమితమైన చిత్రాలు మధ్యతరగతివారి చేతికి అందాయి. వెర్నె చిత్రించిన ఫ్రాన్సు ఓడరేవుల చిత్రాలు పదిహేనింటిని కొషేన్ తో కలిసి ముద్రాచిత్రాలుగా వెలువరించాడు.

ఆయన కీర్తి చైనా వరకు ప్రాకింది. పశ్చిమ సరిహద్దులలో సాధించిన విజయాలను చిత్రింపజేసిన చెన్ లుంగ్ చక్రవర్తి, ఆ పదహారు చిత్రాలను రాగిపై చెక్కించమని 1765లో ఆజ్ఞాపించాడు. కొషేన్ పర్యవేక్షణలో 1767 నుండి 1774 వరకు పారిస్ లో ఎనిమిదిమంది శిల్పులు ఆ పని సాగించారు. వారిలో లె బా ఒకడు.

అయితే మమ్ములను మిక్కిలి ఆకర్షించినది ఆయన గురుత్వం. ఆయన కార్మికశాల ఒక విద్యాలయం. కొషేన్, మొరో, ఎల్మాన్ ఆయన శిష్యులే. 1746లో కులోడెన్ యుద్ధంలో ఓడిన పక్షాన నిలిచి, స్వదేశం విడిచిన స్కాట్లండు శిల్పి స్ట్రేంజ్, స్వీడను దేశీయుడు రేన్ కూడ ఆయన వద్ద నేర్చుకున్నవారే. దేశభేదం ఆ గుమ్మంలోనికి రాలేదు.

ఇచ్చట ఒక ప్రశ్న ఉదయిస్తుంది. శిష్యులు ఆరంభించిన ఫలకాన్ని గురువు ముగించి తన పేరు చెక్కేవాడు. ఆ కీర్తి ఎవరిది? ఇది నాటి వృత్తి ఆచారమే అయినా, పేరులేని చేతుల శ్రమ అందులో దాగి ఉన్నదని మేము మరువలేము. ఆ శిష్యులలో పలువురు పిదప సొంత పేరుతో వెలుగొందడం గురువు ఋణం తీర్చిన విధమని భావిస్తాము.

లె బా 1783లో పారిస్ లోనే మరణించాడు. ఒకరి కృతిని పదిమందికి అందించడం తక్కువ పని కాదు. పాఠం చెప్పే మాకును, చదివే మీకును ఆయన జీవితం చెప్పేది ఇదే.