ఆవిరికి లెక్క కట్టిన రెన్యో

వేసవిలో మా బత్తలపల్లెలో శీతలయంత్రాన్ని బాగుచేసే మెకానిక్ దాని గొట్టానికి గడియారం వంటి మీటరు తగిలిస్తాడు. ముల్లు చూపేది పీడనం. కాని అదే ముఖంపై లోపలి వలయంలో ఉష్ణోగ్రతలు కూడ ముద్రించి ఉంటాయి. వేడిమిని కొలిచే సాధనమేదీ లేని ఆ మీటరుకు ఉష్ణోగ్రత ఎట్లు తెలిసింది? ఇందుకు సమాధానం కోసం మనం విక్టర్ రెన్యో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుని జీవితంలోకి పోవలసి ఉంటుంది.

రెన్యో 1810లో ఆహెన్ నగరంలో జన్మించాడు. నెపోలియన్ సైన్యంలో అధికారియైన తండ్రి 1812 రష్యా దండయాత్రలో మరణించాడు. తల్లియు ఎంతోకాలం బ్రతుకలేదు. అనాథయైన ఆ బాలుడు పారిస్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తూనే చదువుకొని, 1830లో ప్రసిద్ధమైన పాలిటెక్నిక్ విద్యాలయంలో ప్రవేశం సంపాదించాడు. మొదట ఆయన రసాయన శాస్త్రవేత్త. ఎండ వెలుగు సాయంతో ఆయన తొలిసారి తయారుచేసిన డైక్లోరోమీథేన్ అనే ద్రవాన్నే, దాదాపు వందేళ్ల తరువాత అమెరికాలో కారియర్ తన శీతలయంత్రాలలో వాడాడు.

1841లో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడైనాడు. ఆవిరియంత్రాలకు కావలసిన అంకెలన్నీ నిక్కచ్చిగా కొలిచి ఇమ్మని ఫ్రెంచి ప్రభుత్వం ఆయనను కోరింది. మూసిన పాత్రలో ద్రవమూ, దాని ఆవిరీ కలిసి ఉన్నంతకాలం ఒక్కొక్క ఉష్ణోగ్రతకు ఒక్కటే పీడనం. పాత్ర పెద్దదైనా చిన్నదైనా అంతే. దీనినే సంతృప్త స్థితి అంటాము. నీటికి 100 డిగ్రీల వద్ద ఈ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం, 50 డిగ్రీల వద్ద 92 మాత్రమే. ఈ సంగతి రెన్యోకు ముందే డాల్టన్ వంటివారికి తెలుసు. అయితే ఒకరి అంకెలు మరొకరి అంకెలతో పొసగేవి కావు. రెన్యో ఉష్ణమాపకాన్నే అనుమానించాడు. గాజు రకాన్ని బట్టి అది తప్పు చూపుతుందని కనుగొని, గాలి ఉష్ణమాపకాన్ని ప్రమాణంగా తీసుకున్నాడు. నీటియావిరిని 230 డిగ్రీల వరకు కొలిచి 1847లో మొదటి సంపుటం ప్రకటించాడు. 1862 నాటి సంపుటంలో ఈథరు, అమ్మోనియా, సల్ఫర్ డైఆక్సైడులను కొలిచాడు. మూడూ ఆ శతాబ్దపు మంచుయంత్రాలలో వాడిన ద్రవాలే!

నేటి మీటరు లోపలి వలయం అట్టి పట్టికయే. ఆర్-22 అనే శీతలకం దాదాపు 5.8 బార్ల పీడనంలో 5 డిగ్రీలకే మరిగి గదిలోని వేడిని గ్రహిస్తుంది. దానినే 19 బార్లకు పైగా నొక్కితే 50 డిగ్రీల వద్ద ద్రవమై, మన మండుటెండలోకి సైతం ఆ వేడిని వదలగలదు. కాని ద్రవం పూర్తిగా ఆవిరైపోయిన చోట ఆ వలయం మాట నమ్మరాదు. విద్యార్థులు తరచు మరచేది ఇదే.

1854లో రెన్యో సెవ్ర్ పింగాణీ కర్మాగారానికి అధిపతియైనాడు. ప్రష్యాతో జరిగిన 1870-71 యుద్ధంలో శత్రుసైనికులు అక్కడి ఆయన ప్రయోగశాలను ధ్వంసం చేశారు. పరికరాలతోబాటు, ఇంకా అచ్చుకాని పరిశోధన కాగితాలు కూడ నశించాయి. చిత్రకారుడుగా అప్పటికే పేరు గడించిన కుమారుడు ఆన్రీ, ఆ యుద్ధంలోనే 1871 జనవరి 19న బ్యూజన్‌వాల్ వద్ద నేలకొరిగాడు. ఇరవై ఏడేళ్లవాడు. తండ్రి ఆ పరిశోధనలను మరల చేపట్టలేకపోయాడు.

రెన్యో 1878లో కన్నుమూశాడు. ఆ రోజు కూడ జనవరి 19.