శిఖరానికి పేరైన కొలతల మనిషి: జార్జ్ ఎవరెస్ట్



ఎవరెస్ట్ ఎత్తెంత అని అడిగితే మన పిల్లలు తడుముకోకుండా 8848 మీటర్లు అంటారు. జీకే పేపర్లో అది ఒక మార్కు ప్రశ్న. ఎవరెస్ట్ అనేది ఒక మనిషి ఇంటిపేరని కొందరికి తెలుసు. ఆ మనిషి ఉద్యోగంలో మొదటి పెద్ద దెబ్బ తిన్నది మన కృష్ణా, గోదావరుల మధ్య అడవుల్లోనేనని మాత్రం చాలామందికి తెలియదు. సెలవుల్లో ఫోను చేతబట్టి జీపీఎస్ నిధి వేట ఆడే పిల్లలకు ఆయన కథ చెప్పి తీరాలి. భూమి మీద ఒక చోటిని గుర్తించడం, దాన్ని అంకెల్లో రాయడం, మరొకరు ఆ అంకెలు పట్టుకుని అదే చోటికి చేరడం. ఆటలో ఉన్నది ఇదే, ఆయన జీవితమంతా చేసిన పనీ ఇదే.

పదహారేళ్లకే భారతదేశానికి

జార్జ్ ఎవరెస్ట్ 1790 జులై 4న పుట్టారు. ఇంగ్లండులోని వూల్విచ్ సైనిక అకాడమీలో చదివి, 1806లో పదహారేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ బెంగాల్ ఫిరంగి దళంలో చేరి ఇక్కడికి వచ్చారు. లెక్కలంటే ప్రాణం. 1814 నుంచి రెండేళ్లు జావా ద్వీపంలో సర్వే చేశారు. ఆ పనితీరు చూసి 1818లో ఆయన్ను విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా నియమించారు. ఆ ఏడాది చివర్లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ఆయన హైదరాబాదు చేరుకున్నారు.

లాంబ్టన్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. భారతదేశాన్ని త్రిభుజాలతో కొలిచే మహా సర్వేను మొదలుపెట్టింది ఆయనే. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల పొడవున ఒక సరళరేఖను ఉక్కు గొలుసుతో కొలిచారు. దాన్నే బేస్‌లైన్ అంటారు. అక్కడి నుంచి త్రిభుజాలు అల్లుకుంటూ ఉత్తరానికి సాగారు. కొలతల్లో తప్పు పేరుకుపోకుండా దారిలో మళ్లీ మళ్లీ బేస్‌లైన్లు కొలిచి సరిచూసుకున్నారు. వాటిలో 1811 నాటిది మన అనంతపురం వైపున్న గుత్తి దగ్గర, 1815 నాటిది బీదర్ దగ్గర.

పదో తరగతి పిల్లలకు ఈ పద్ధతి సులువుగా అర్థమవుతుంది. త్రిభుజంలో ఒక భుజం పొడవు, దాని రెండు చివర్ల దగ్గరి కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలను లెక్కగట్టొచ్చు. అలా వచ్చిన భుజం పక్క త్రిభుజానికి ఆధారమవుతుంది. ఇక గొలుసుతో పని లేదు, కోణం చూస్తే చాలు. ఆ కోణం చూసే పరికరం థియోడొలైట్. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడొలైట్ సుమారు అర టన్ను బరువు. దాన్ని మనుషులే కొండల పైకి, గోపురాల పైకి మోశారు.

కృష్ణా, గోదావరుల మధ్య

ఎవరెస్ట్‌కు అప్పగించిన మొదటి పని హైదరాబాదుకు తూర్పున, రెండు నదుల మధ్య దట్టమైన అడవుల్లో త్రిభుజాలు వేయడం. వాన కడిగిన గాలిలో దూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే సర్వేవాళ్లు వర్షాకాలంలోనే బయలుదేరేవారు. దోమలకూ అదే అదను.

1819 వానల్లో ఎల్లాపురం అడవుల్లో ఆయన బృందాన్ని జ్వరం పట్టుకుంది. మలేరియా దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ సంగతిని 1897లో రొనాల్డ్ రాస్ కనుక్కున్నది సికింద్రాబాదులోనే. అంటే ఈ జ్వరాలకు డెబ్భై ఎనిమిదేళ్ల తర్వాత, వాటికి ఎంతో దూరం లేని చోటనే. బృందంలో దాదాపు అందరూ మంచాన పడ్డారు. హైదరాబాదు నుంచి ఏనుగులు, పల్లకీలు పంపి వాళ్లను వెనక్కి తెచ్చారు. కొందరు దారిలోనే చనిపోయారు. జెండాలు పట్టినవాళ్లు, చెట్లు నరికినవాళ్లు, పరికరాలు మోసినవాళ్లలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఎవరెస్ట్ బతికారు కానీ ఆరోగ్యం మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1820లో సెలవు పెట్టి దక్షిణాఫ్రికాలోని కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్లారు. అక్కడా ఊరికే ఉండలేదు. డెబ్భై ఏళ్ల కిందట లకాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అక్కడ తీసిన కొలతలు భూమి ఆకారంతో ఎందుకు సరిపోలేదో తిరిగి పరిశీలించారు. పక్కనున్న పర్వతాలు తూకపు గుండును తమ వైపు లాగడమే కారణమై ఉంటుందని తేల్చారు.

కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టినా

1823 జనవరిలో లాంబ్టన్ నాగపూర్ వైపు వెళ్తూ హింగన్‌ఘాట్ దగ్గర పనిలో ఉండగానే కన్నుమూశారు. ఇరవై ఏళ్లు భుజాన మోసిన పని ఎవరెస్ట్ చేతికి వచ్చింది. అప్పటికి ఆయన సగం రోగి. కాళ్లూ చేతులూ సరిగా స్వాధీనంలో ఉండేవి కావు. నక్షత్రాలు చూసే పరికరం ముందు కూర్చోవాలన్నా, లేవాలన్నా ఇద్దరు మనుషులు పట్టుకోవలసి వచ్చేది. అలాగే మధ్య భారతంలోని సిరోంజ్ దాకా త్రిభుజాలు తీసుకెళ్లి, అక్కడ బేస్‌లైన్ కొలిచి, 1825లో ఇంగ్లండు వెళ్లారు.

అక్కడున్న ఐదేళ్లలో కొత్త పరికరాలు తయారు చేయించారు. ఎండకు ఇనుము సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. గొలుసు కొలతలో అదే పెద్ద తప్పు. దీనికి విరుగుడుగా రెండు లోహాలు కలిపి చేసిన, ఉష్ణోగ్రత మారినా పొడవు మారని కొలత కడ్డీలు తెచ్చారు. 1830లో సర్వేయర్ జనరల్ హోదాలో తిరిగి వచ్చారు. పరికరాల మరమ్మతుకు వచ్చిన ఇంగ్లీషు నిపుణుడి తర్వాత ఆ పనిని ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్‌కు అప్పగించారు. లెక్కల విభాగంలోకి కలకత్తా హిందూ కాలేజీ కుర్రాడు రాధానాథ్ సిక్దార్‌ను తీసుకున్నారు.

గంగా మైదానంలో ఎక్కడానికి కొండలు లేవు. అందుకని ఎత్తయిన ఇటుక బురుజులు కట్టించారు. కలకత్తా బేస్‌లైన్ కోసం కట్టిన రెండు బురుజులు బ్యారక్‌పూర్ ట్రంక్ రోడ్డు పక్కన ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పగలు అద్దాలతో ఎండను మెరిపించి, రాత్రి దీపాలు వెలిగించి దూరపు గుర్తులను చూసేవారు.

డెహ్రాడూన్ చేరాక అక్కడ ఏడు మైళ్లకు పైగా ఉన్న బేస్‌లైన్‌ను నేల మీద కొలిచారు. అదే పొడవును సిరోంజ్ నుంచి వచ్చిన త్రిభుజాలతోనూ లెక్కగట్టారు. నాలుగు వందల మైళ్ల దూరం నుంచి వచ్చిన లెక్కకూ, నేల మీది కొలతకూ తేడా కొద్ది అంగుళాలే వచ్చింది. 1841లో బీదర్ బేస్‌లైన్‌ను కొత్త కడ్డీలతో మళ్లీ కొలవడంతో బయటి పని ముగిసింది. కన్యాకుమారి నుంచి ముస్సోరీ దాకా దాదాపు 2400 కిలోమీటర్ల త్రిభుజాల దండ పూర్తయింది. 1843లో ఎవరెస్ట్ పదవీ విరమణ చేశారు.

పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. ఆయన కోపిష్టి, కింది వాళ్లతో కఠినంగా ఉండేవారు. చూపుకు అడ్డొస్తే చెట్లు, ఇళ్లు తీయించేవారు. ఈ సర్వే భూమి ఆకారం తెలుసుకోవడానికే కాదు, కంపెనీ పాలనకూ సైన్యానికీ అక్కరకొచ్చే మ్యాపుల కోసం కూడా జరిగింది. పట్టుదలను మెచ్చుకుంటూనే దాని ఖరీదు ఎవరు కట్టారో కూడా అడగడం పిల్లలకు అలవాటు కావాలి.

ఆయన వద్దన్న పేరు

ఆయన వెళ్లిపోయాక సర్వే హిమాలయాలకు సాగింది. దూరం నుంచి కోణాలు చూసి పదిహేనో నంబరు శిఖరం ఎత్తు 29,002 అడుగులని 1850లలో తేల్చారు. ఆ లెక్కల్లో రాధానాథ్ సిక్దార్ పాత్ర పెద్దది. అది 8840 మీటర్లకు సమానం. 2020 డిసెంబరులో నేపాల్, చైనా ప్రకటించిన ఎత్తు 8848.86 మీటర్లు. ఉపగ్రహాలు లేని రోజుల్లో, శిఖరం దగ్గరికైనా వెళ్లకుండా తీసిన లెక్కకు తేడా తొమ్మిది మీటర్లే.

1856లో సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా ఆ శిఖరానికి తన గురువు పేరు ప్రతిపాదించారు. ఎవరెస్ట్ దానికి అభ్యంతరం చెప్పారు. ఆ పేరును హిందీలో రాయడం, ఇక్కడి వాళ్లు పలకడం కష్టమన్నది ఆయన వాదన. టిబెట్ వాళ్లు చోమోలుంగ్మా అంటారు, నేపాల్ వాళ్లు సాగర్‌మాత అంటారు. అయినా 1865లో లండన్‌లోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది. తమాషా ఏమిటంటే ఆయన తన ఇంటిపేరును ఈవ్‌రెస్ట్ అని పలికేవారు. ఇవాళ ప్రపంచమంతా మరోలా పలుకుతోంది. ఆయన 1866 డిసెంబరు 1న లండన్‌లో కన్నుమూశారు.

ఆ ఇంట్లో లెక్కల మీద ప్రేమ ఆయనతో ఆగలేదు. అన్నదమ్ముల బిడ్డ మేరీ ఎవరెస్ట్ బూల్, పిల్లలకు ఆటలతో, దారాలతో కుట్టే బొమ్మలతో గణితం ఎలా నేర్పాలో పుస్తకాలు రాశారు. ఆమె భర్త జార్జ్ బూల్. మన పిల్లల కంప్యూటర్ సైన్స్ పుస్తకంలోని బూలియన్ బీజగణితం ఆయన పేరు మీదే ఉంది.

అదే పని ఇప్పుడు ఆటగా

2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం, సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతంలో కావాలని కలిపిన తప్పును తీసేసింది. మర్నాడే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో ఒకరు అడవిలో ఒక బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెప్పారు. జియోకాషింగ్ అలా మొదలైంది. డబ్బాలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దొరికినవారు పేరు, తేదీ రాస్తారు. ఒక వస్తువు తీసుకుంటే అంతే విలువైనది మరొకటి పెడతారు.

దీనికి తోడుగా మరో సరదా ఉంది. ఇందులో డబ్బా ఉండదు, చోటే బహుమతి. అమెరికాలో సర్వేవాళ్లు బిగించిన లోహపు బిళ్లలను, బ్రిటన్‌లో కొండల మీది కాంక్రీటు సర్వే స్తంభాలను వెతికి, ఫోటో తీసి, నమోదు చేసేవాళ్లున్నారు. రెండూ కలిపితే ఒక్క నడకలో రెండు వేటలవుతాయి.

మన దగ్గర జీటీఎస్ అనే అక్షరాలు చెక్కిన రాళ్లు పాత భవనాల వద్ద, రైల్వే స్టేషన్ల వద్ద అక్కడక్కడా కనిపిస్తాయి. ఎవరెస్ట్ నడిపించిన ఆ మహా సర్వే పేరులోని మొదటి అక్షరాలవి. ఇలాంటి గుర్తులు రోడ్ల విస్తరణలో, కొత్త కట్టడాల కింద మాయమవుతుంటాయి. ఒకసారి పోతే ఆ చోటు మళ్లీ దొరకదు. పిల్లలు తీసే ఒక ఫోటో, రాసుకునే ఒక తేదీ ఆ గుర్తు అక్కడ ఉండేదనడానికి సాక్ష్యంగా మిగులుతాయి.

ఈ నెల పిల్లలతో ఇలా చేయండి

ఒకటి. ఈసారి రైలెక్కేటప్పుడు స్టేషన్ పసుపు బోర్డు కింద రాసి ఉండే సముద్ర మట్టం ఎత్తును పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించండి. ఊరు ఊరుకూ తేడా చూడమనండి. ఈ ఎత్తులకు ఆధారంగా 1909లో తీసుకున్న తొమ్మిది ఓడరేవుల్లో మన విశాఖపట్నం ఒకటి. ఫోను చూపే ఎత్తు బోర్డుతో పోలిస్తే పదుల మీటర్లు తేడాగా ఉంటే కంగారు పడకండి. బోర్డు ఎత్తు సముద్ర మట్టం నుంచి, జీపీఎస్ ఎత్తు గణితంతో గీసిన నున్నటి భూగోళం నుంచి.

రెండు. అపార్ట్‌మెంట్ ఆవరణలోనో, అమ్మమ్మగారి ఊళ్లోనో ఒక స్టీలు టిఫిన్ డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు మాత్రమే పిల్లలకివ్వండి. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలుంటే పదకొండు మీటర్ల దాకా, ఐదుంటే ఒక మీటరు దాకా చోటు తెలుస్తుంది. అయితే ఫోను ఆరుబయట కూడా కొన్ని మీటర్లు తప్పుతుంది. ఆ చివరి మీటర్లు కళ్లతోనే వెతకాలి. పిల్లలు ఫోను జేబులో పెట్టి చుట్టూ చూసేది అప్పుడే.

మూడు. ఇంట్లో పాత టోపో షీటు ఉంటే ఒక సంగతి గమనించండి. దాని మీది అంకెలను నేరుగా ఫోనులో వేస్తే అదే చోటికి చేరరు. పాత మ్యాపులు ఎవరెస్ట్ లెక్కగట్టిన భూగోళం కొలతల మీద గీసినవి, జీపీఎస్ వాడేది వేరే కొలత. ఒకే చోటికి రెండు చిరునామాలు ఎందుకున్నాయని పిల్లలు అడిగితే, అక్కడి నుంచి మంచి పాఠం మొదలవుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఏ గుర్తునూ కదపకూడదు, గీకకూడదు, దాని చుట్టూ తవ్వకూడదు. రైలు పట్టాలు, సైనిక ప్రాంతాలు, పాడుబడ్డ కట్టడాల జోలికి వెళ్లకూడదు. ఇతరుల స్థలమైతే ముందు అడగాలి. ఎక్కడికైనా పెద్దవాళ్లు తోడుండాలి. దోమల మందు రాసుకోవడం మరవొద్దు. ఎవరెస్ట్ బృందానికి లేని ఆ సౌకర్యం మనకుంది.

పిల్లలు నమోదు చేసిన చోట్ల ఫోటోలు, అంకెలు, తేదీలు నోట్‌బుక్‌తో సహా క్లాస్ టీచర్‌కు పంపండి. ఒక్కో సెక్షన్ నుంచి వచ్చిన చోట్లన్నీ కలిపి స్కూలు చుట్టుపక్కల మ్యాపు ఒకటి పిల్లల చేతే గీయిద్దాం.