డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఉదయమున నిద్ర లేచిన పిమ్మట వ్రేళ్ళు ముడుచుకొనరాక, చెంబు పట్టుకొనలేక, చాలసేపు మంచముమీదనే కూర్చుండిపోవు అవ్వలను మనలో పలువురు ఎరుగుదుము. కీళ్ళు వాచును, నొప్పి పెట్టును. ఏండ్లు గడచినకొలది వ్రేళ్ళు వంకర తిరుగును. మన పెద్దలు దీనిని కీళ్ళవాతమందురు. ఇందు రకములు పెక్కు కలవు. వానిలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అను కఠినమైన రకమునకు నేడు వైద్యులు తరచుగా మొదట వ్రాయు మందు మెథోట్రెక్సేట్. ఆ మందు రూపొందిన పరిశోధనాలయమును నడపినవారు ఒక తెలుగువారు. వారి చరిత్రను మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపగోరి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి అనారోగ్యముచే ఉద్యోగము ముందుగానే విడువగా ఇంట లేమి ప్రవేశించెను. బాలుడైన సుబ్బారావు కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు వెడలెననియు, తల్లి వెనుకకు రప్పించి మరల బడిలో చేర్చెననియు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, చెన్నపట్టణపు హిందూ హైస్కూలునుండి మూడవమారు ఉత్తీర్ణులైరి. పరీక్ష తప్పి చింతించు విద్యార్థులు ఈ మాట మరువరాదు.

చెన్నపట్టణపు వైద్య కళాశాలలో వారు చదివిరి. మామగారు ధనసహాయము చేసిరి. స్వాతంత్ర్యోద్యమపు దినములగుటచే సుబ్బారావుగారు ఖద్దరు ధరించిరి. శస్త్రచికిత్స తరగతికిని ఖద్దరు అంగీతోనే పోయిరి. అది ఆచార్యునికి రుచింపలేదు. తుదకు వారికి పూర్తి వైద్యపట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రమే లభించెను. ఆ యౌవనదశలోనే వారి యిరువురు సోదరులు స్ప్రూ అను ఉదరవ్యాధిచే కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. అప్పుడు ఆ వ్యాధికి తగిన మందు లేకుండెను. ఆ దుఃఖము వారిని పరిశోధనవైపు త్రిప్పెను.

చెన్నపట్టణపు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, 1920వ దశకపు ఆరంభమున వారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. చేత ధనము లేదు. రాత్రులు ఆసుపత్రిలో రోగులకు సేవచేయు చిన్న కొలువు చేయుచు, పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి. సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. పిదప వారిరువురును కండరములనుండి ఎ.టి.పి. అను పదార్థమును వేరుచేసి 1929లో ప్రకటించిరి. జీవకణములు తమ పనులకు వలయు శక్తిని ఈ పదార్థమునుండియే పొందును. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు పిహెచ్.డి. లభించెను.

1940లో వారు లెడర్లే అను మందుల సంస్థ పరిశోధనాలయమునకు మారిరి. వారి నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమను విటమినును 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి ఇది మందయ్యెను. తరువాత వారు ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు, దాని పనిని అడ్డగించు పదార్థములను నిర్మించిరి. తాళముచెవిని పోలిన మరియొక చెవి తాళములో దూరి, తీయరాకుండ చిక్కుకొన్నట్లు, ఇవి కణములలో ప్రవేశించి వాని వృద్ధిని నిలుపును. వీనిలో అమినోప్టెరిన్ అను దానిని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుగల పిల్లలకిచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గుటను 1948లో లోకమునకు తెలిపెను. మెథోట్రెక్సేట్ దీనికి తోబుట్టువు వంటిది. ఆ సంవత్సరమే ఆగస్టు మాసమున, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు న్యూయార్కులో మరణించిరి. మరల స్వదేశమును చూడనేలేదు.

కీళ్ళవాతపు కథ ఇక్కడనుండి ఆరంభమగును. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, క్రిములనుండి మనలను కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి కీలు లోపలి పొరపై దాడి చేయును. ఆ పొర ఉబ్బి, మృదులాస్థిని, ఎముకను క్రమముగా తినివేయును. 1951లో గబ్నర్ అను వైద్యుడును, ఆయన సహచరులును అమినోప్టెరిన్ ఈ రోగులకు మేలు చేయుటను గమనించిరి. కాని అప్పుడు లోకమంతయు కార్టిసోన్ అను క్రొత్త మందును కొనియాడుచుండెను. దానిని కనుగొనినవారికి 1950లో నోబెల్ బహుమతి లభించియుండెను. కార్టిసోన్ త్వరగా ఉపశమనమిచ్చినను, దీర్ఘకాలము వాడినచో ఎముకలను బలహీనపరచుట మొదలగు కీడులు చేయును. 1980వ దశకమున జరిగిన పరీక్షలలో మెథోట్రెక్సేట్ గుణము రుజువయ్యెను. 1988లో అమెరికా ప్రభుత్వము ఈ వ్యాధికి దానిని అంగీకరించెను.

ఇందొక వింత కలదు. ఈ మందు కలిగించు కొన్ని బాధలు తగ్గుటకు వైద్యులు దానితోపాటు ఫోలిక్ ఆమ్లమును ఇత్తురు. మందు వాపును తగ్గించుటకు అడెనోసిన్ అను పదార్థము ముఖ్యకారణమని పలువురు పరిశోధకుల అభిప్రాయము. ఆ అడెనోసిన్ ఎ.టి.పి.లో ఒక భాగమే. ఈ విధముగా సుబ్బారావుగారు వేరువేరు కాలములలో చేసిన మూడు పనులు ఒక్క రోగి చికిత్సలో కలిసికొన్నవి. వారు దీనిని కనలేదు, వినలేదు.

తలిదండ్రులకొక మనవి. ఈ మందును కీళ్ళవాతమునకు వారమునకొక్కమారే ఇత్తురు. పొరబాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులు వాడరాదు. వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకొనుచునే వాడవలెను. కీళ్ళవాపు వారములతరబడి తగ్గనిచో, వయసు వలన వచ్చినదని ఊరకుండక త్వరగా చూపించుకొనవలెను. ఆలస్యమైనచో వంగిన వ్రేళ్ళు మరల చక్కబడుట కష్టము.

విద్యార్థులారా! మనమును మాతృభూమికి దూరముగా, పరభాషల నడుమ తెలుగు చదువుకొనుచున్నాము. పరీక్ష తప్పినను, తక్కువ పట్టము వచ్చినను, పరదేశమున రాత్రికొలువు చేయవలసి వచ్చినను సుబ్బారావుగారు పని విడువలేదు. ఫలము చూచుటకు వారు జీవించియుండలేదు. కాని పేరైనను ఎరుగని అవ్వలు నేడు ఉదయమున లేచి చెంబు పట్టుకొనగలుగుచున్నారు. అంతకు మించిన కీర్తి మరియేమి కావలెను?